కార్బోనిఫెరస్ అడవి బొమ్మ: ఏ చెట్టు పక్కన ఏ చెట్టు వేయాలి?

కుంచె_రమ
పిల్లల సైన్స్ పత్రిక కోసం రెండు పేజీల బొమ్మ వేస్తున్నాను. విషయం కార్బోనిఫెరస్ అడవి. రిఫరెన్స్ కోసం వెతికితే దొరికిన బొమ్మలన్నీ ఒకేలా ఉన్నాయి. మధ్యలో ఒక మడుగు, చుట్టూ లెపిడోడెండ్రాన్, సిజిల్లేరియా (రెండూ లైకోప్సిడ్‌లు, అంటే క్లబ్ మాస్‌ల చుట్టాలైన పెద్ద చెట్లు), గుర్రపుతోక మొక్కల చుట్టం కాలమైటీస్, చెట్టు ఫెర్న్‌లు, విత్తన ఫెర్న్‌లు, కోనిఫర్లు (పైన్ లాంటి చెట్లు), అన్నీ గ్రూప్ ఫోటోకి నిలబడ్డట్టు. ఆ యుగం 35.9 కోట్ల ఏళ్ల క్రితం మొదలై 29.9 కోట్ల ఏళ్ల క్రితం దాకా నడిచిందని చదివాను. ఆరు కోట్ల ఏళ్ల మొక్కల్ని ఒకే ఫ్రేములో పెట్టేయొచ్చా? నిజంగా ఇవన్నీ పక్కపక్కనే పెరిగాయా?

రెండో పేజీలో "తర్వాత ఏమైంది" చూపించాలని ఎడిటర్ గారి కోరిక. అక్కడ ఏం వేయాలో అసలు తోచట్లేదు.

రాతిఆకు
రమగారూ, అలా పెట్టకండి. ముందు ఒక కాలం, ఒక చోటు ఎంచుకోండి. మొక్కల సంగతి ఆ తర్వాత.

మీరు చూసిన బొమ్మలు చాలావరకు పెన్సిల్వేనియన్ కాలానివి. అంటే యుగం రెండో భాగం, 32.3 కోట్ల ఏళ్ల నుంచి ఇటువైపు. చోటు అప్పటి భూమధ్యరేఖ ప్రాంతం. ఇప్పటి ఇల్లినాయ్, నోవా స్కోషియా, బ్రిటన్, జర్మనీలోని రూర్ ప్రాంతం అప్పట్లో ఆ వరసలోనే ఉండేవి. అక్కడ కూడా ఒకే అడవి లేదు, తడి నేలలోనే రకరకాల అడవులు.

నీళ్లు ఎక్కువకాలం నిలిచే పీట్ నేల (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న నేల) లెపిడోడెండ్రాన్ చుట్టమైన లెపిడోఫ్లోయోస్‌ది. దాని సిద్ధబీజాల పొట్లం నీటి మీద తేలి వెళ్లేలా ఉంటుంది. వరద మట్టి వచ్చిపడే పీట్ అంచుల్లో మరో చుట్టం పారాలైకోపోడైటీస్ ఎక్కువ. నది ఒడ్డున, ఇసుక మేటల మీద కాలమైటీస్. ఇసుక కప్పేసినా కాండం నుంచి మళ్లీ వేళ్లు, కొమ్మలు వేసుకుని పైకి లేస్తుంది. ఒడ్డు ఎగసిన చోట, మట్టిలో పోషకాలు బాగా ఉన్న చోట మెడుల్లోసా జాతి విత్తన ఫెర్న్‌లు. వాటి ఆకులు పెద్దవి, విత్తనాలూ పెద్దవే. సిజిల్లేరియా కాస్త ఆరే నేలని, రుతువుల తేడాని ఓర్చుకునేది. వాల్చియా లాంటి తొలి కోనిఫర్లు మాత్రం ఈ మడుగు పక్కన నిలబడవు, తీసేయండి.

సందేహం_సాంబ
ఇంత కచ్చితంగా ఎలా చెప్తారండీ? 30 కోట్ల ఏళ్ల కిందటి ఆకు నీళ్లలో కొట్టుకొచ్చి ఇంకెక్కడో పడి ఉండొచ్చు కదా. పక్కపక్కన దొరికినంత మాత్రాన పక్కపక్కన పెరిగినట్టా?

నల్లపొర
> పక్కపక్కన దొరికినంత మాత్రాన పక్కపక్కన పెరిగినట్టా?

కాదు. అందుకే ఈ రంగంలో వాళ్లు ఆకు ముద్రల కంటే "కోల్ బాల్స్" మీద ఎక్కువ ఆధారపడతారు. పీట్ నలిగి బొగ్గు అయ్యేలోపే కాల్షియం కార్బొనేట్ అందులో చేరి కొన్ని ముద్దల్ని రాయిగా మార్చేసింది. లోపల వేళ్లు, బెరడు, ఆకులు, సిద్ధబీజాలు కణాలతో సహా ఎక్కడివక్కడే ఉండిపోయాయి. 1855లో హుకర్, బిన్నీ వీటి గురించి మొదట వివరంగా రాశారు. బొగ్గు తవ్వేవాళ్లకి ఇవి ఒట్టి తలనొప్పి, మొక్కలు చదివేవాళ్లకి మాత్రం నిధి.

పద్ధతి చాలా సింపుల్. ముద్దని రంపంతో కోసి, నున్నగా అరగదీసి, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొన్ని సెకన్లు ఉంచుతారు. పైపైన సున్నం కరిగిపోయి కణాల గోడలు కొద్దిగా పొడుచుకొస్తాయి. అసిటోన్ పోసి అసిటేట్ ఫిల్మ్ పరిచి, ఆరాక ఊడదీస్తే ఆ గోడలు ఫిల్ముకి అంటుకుని వచ్చేస్తాయి. మళ్లీ అరగదీసి మళ్లీ తీయొచ్చు. ఆ ఫిల్ము మీద గళ్లు పరిచి, ఒక్కో గడిలో ఏ మొక్క, ఏ భాగం ఉందో లెక్కపెడితే ఆ పీట్ దేనితో తయారైందో శాతాల్లో వస్తుంది. ఇల్లినాయ్ యూనివర్సిటీలో టామ్ ఫిలిప్స్, స్మిత్సోనియన్ మ్యూజియంలో బిల్ డిమికెల్ ఏళ్ల తరబడి చేసిన పని ఇదే. రాతిఆకు గారు పైన చెప్పిన విభజనకి చాలావరకు మూలం అక్కడుంది.

రమగారికి ఇంకో మాట. బొగ్గులోని మొక్కలూ, బొగ్గు పొర మీద పైకప్పులా ఉండే షేల్ (గట్టిపడిన బురద రాయి)లోని మొక్కలూ ఒకటి కావు. పీట్ పెరుగుతున్నప్పటి అడవి బొగ్గులో ఉంటుంది. పీట్ మునిగి బురద పడుతున్నప్పుడు అక్కడ నిలబడ్డ అడవి పైకప్పులో ఉంటుంది. మ్యూజియంలలో అందంగా కనిపించే ఆకు ముద్రలు దాదాపు అన్నీ పైకప్పువే. చాలా బొమ్మలు ఈ రెండింటినీ కలిపేస్తాయి.

పుప్పొడి_పద్మ
జాబితాలు చూసి బొమ్మ వేసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది రమా. స్టిగ్మేరియా, లెపిడోస్ట్రోబస్, లైకోస్పోరా అని విడివిడి పేర్లు కనిపిస్తాయి. మొదటిది వేరు భాగం, రెండోది కోన్, మూడోది సిద్ధబీజం. అన్నీ లెపిడోడెండ్రాన్, దాని చుట్టాలవే. శిలాజాలు ముక్కలుగా దొరికాయి కాబట్టి ముక్కముక్కకీ పేరు పెట్టారు. విత్తన ఫెర్న్‌లదీ అదే కథ: న్యూరోప్టెరిస్, అలెథోప్టెరిస్ ఆకులు, ట్రైగోనోకార్పస్ విత్తనం. జాబితాలో పదిహేను పేర్లుంటే పదిహేను మొక్కలు వేసేయకు.

కుంచె_రమ
అమ్మో! స్టిగ్మేరియాని పొద అనుకుని విడిగా స్కెచ్ వేసేదాన్నే. థాంక్యూ పద్మక్కా.

మరి అడవి అడవిగా, నిలబడింది నిలబడినట్టు దొరికిన చోట్లు ఏమైనా ఉన్నాయా? అలాంటిది ఒకటి పట్టుకుంటే సులువు కదా.

నల్లపొర
ఉన్నాయి, ఒకటి కాదు. గ్లాస్గోలో విక్టోరియా పార్కులో 1887లో బయటపడ్డ ఫాసిల్ గ్రోవ్: 11 మొద్దులు, స్టిగ్మేరియా వేళ్లు చాపుకుని ఉన్నచోటే ఉన్నాయి. వయసు దాదాపు 32.5 కోట్ల ఏళ్లు, మీరు వేయాలనుకుంటున్న కాలం కంటే ముందుది. నోవా స్కోషియాలో జాగిన్స్ కొండ అంచు: నిలువు కాండాలు పొరపొరకీ కనిపిస్తాయి. 1852లో భూగర్భ శాస్త్రవేత్తలు లయెల్, డాసన్‌లకి అలాంటి ఒక బోలు కాండం లోపల ఎముకలు దొరికాయి. తర్వాత 1860లో డాసన్ వర్ణించిన హైలోనోమస్, మనకి తెలిసిన తొలి సరీసృపాల్లో ఒకటి, అక్కడిదే. 2008 నుంచి అది యునెస్కో వారసత్వ ప్రదేశం.

నన్నడిగితే ఇల్లినాయ్ తీసుకోండి. తూర్పు ఇల్లినాయ్‌లో రియోలా, వెర్మిలియన్ గ్రోవ్ గనుల్లో హెరిన్ బొగ్గు పొర తీసేశాక పైకప్పులో అడవి మిగిలింది. దాదాపు 1000 హెక్టార్ల మేర. గనిలో నడుస్తూ తలెత్తి చూస్తే పడిపోయిన కాండాలు, ఆకులు, మొద్దుల అడుగులు. భూకంపంతో నేల ఒక్కసారిగా కుంగి, బురద కప్పేసిందని 2007లో దాన్ని ప్రకటించినవాళ్ల వాదన. అంత విస్తీర్ణం ఉండటం వల్ల ఒక చోటి నుంచి ఇంకో చోటికి అడవి ఎలా మారుతుందో నడుచుకుంటూ చూసే వీలు దొరికింది.

సందేహం_సాంబ
సరే, ఒప్పుకున్నా. కానీ అసలు విషయం ఎవరూ ఎత్తట్లేదు. అంత బొగ్గు ఎందుకు వచ్చింది? అప్పటికి లిగ్నిన్ (కలపకి గట్టిదనం ఇచ్చే పదార్థం) తినే శిలీంధ్రాలు పుట్టలేదు. చెట్లు పడిపోయినా కుళ్లలేదు, కుప్పలు పడ్డాయి. శిలీంధ్రాలు వచ్చాయి, బొగ్గు ఆగింది. ఏ వీడియో చూసినా ఇదే. 2012లో జన్యువుల ఆధారంగా చేసిన పెద్ద స్టడీ కూడా లిగ్నిన్ తినే తెల్ల కుళ్లు శిలీంధ్రాలు కార్బోనిఫెరస్ చివర్లోనే వచ్చాయని లెక్కేసింది. రమగారు ఆ కుళ్లని దుంగల కుప్పలు వేస్తే పిల్లలకి భలే ఉంటుంది.

నల్లపొర
సాంబగారూ, వేయించకండి దయచేసి. ఈ కథ వినడానికి ఎంత బాగుంటుందో, రాళ్ల ముందు అంత నిలబడదు.

మొదటిది, ఆ చెట్లలో కలపే తక్కువ. 30 మీటర్ల లెపిడోడెండ్రాన్ కాండంలో ఎక్కువ భాగం బెరడు, మధ్యలో సన్నటి కలప స్తంభం. ఆ బెరడు కుళ్లకుండా నిలిచిన మాట నిజమే, కానీ దాన్ని నిలబెట్టిన పదార్థం ప్రధానంగా లిగ్నిన్ కాదు. లిగ్నిన్ బాగా ఉన్న కోర్డైటీస్ (కోనిఫర్ల చుట్టం) లాంటివి ఎక్కువున్న పొరల్లోనూ, లేని పొరల్లోనూ బొగ్గు బాగానే వచ్చింది. రెండోది, శిలీంధ్రాలు తిన్న ఆనవాళ్లు అంతకుముందరి డెవోనియన్ కలపలోనే ఉన్నాయి. మూడోది, లిగ్నిన్ నిజంగానే ఎక్కడా కుళ్లకపోతే గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల ఏళ్లలోపే ఖాళీ అయ్యేది. యుగం నడిచింది ఆరు కోట్ల ఏళ్లు. 2016లో నెల్సెన్, డిమికెల్, పీటర్స్, బాయిస్ ఈ లెక్కలన్నీ వేసి చూపించారు.

వాళ్లు చెప్పిన కారణం నాటకీయంగా ఉండదు. ఖండాలు ఢీకొని పాంజియా అనే ఒకే మహాఖండం ఏర్పడుతోంది, పర్వతాల పక్కన పల్లపు ప్రాంతాలు కుంగుతూనే ఉన్నాయి. ఆ పల్లాలు సరిగ్గా వానలు ఎక్కువ పడే భూమధ్యరేఖ దగ్గర పడ్డాయి. నీళ్లు నిలిచిన నేలలో ఆక్సిజన్ అందదు, అక్కడ శిలీంధ్రం ఉన్నా పని నెమ్మదిస్తుంది. నేల కుంగుతూ పోయింది కాబట్టి పీట్ మీద పీట్ చేరుతూ, మట్టి కింద భద్రంగా ఉండిపోయింది. రెండూ ఒకేసారి కుదరడం అరుదు, అంతే.

సందేహం_సాంబ
మరి శిలీంధ్రాలు రాగానే బొగ్గు ఎందుకు తగ్గింది? కాకతాళీయమా?

నల్లపొర
తగ్గింది యూరప్, అమెరికాల్లో. చైనా భూభాగాల్లో కార్బోనిఫెరస్ తర్వాతి పెర్మియన్ యుగంలోనూ బోలెడంత బొగ్గు తయారైంది. గోండ్వానా బొగ్గు, అంటే ఇండియా, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాలది, ప్రధానంగా పెర్మియన్ నాటి గ్లోసోప్టెరిస్ అనే విత్తన మొక్కల అడవులది. శిలీంధ్రం దేశం చూసి తింటుందా?

సందేహం_సాంబ
గోండ్వానా చల్లటి ప్రాంతం, అక్కడ కుళ్లు నెమ్మదిగానే ఉంటుంది. అది పోలిక కాదు. చైనా సంగతి ఒప్పుకుంటా.

మోడరేటర్
లిగ్నిన్ చర్చకి వేరే థ్రెడ్ తెరిచాను, ఇకపై ఆ వాదన అక్కడ. ఇక్కడ రమగారి బొమ్మ, మొక్కల సముదాయాలు, వాతావరణం.

అరుణ్_కె
ఆక్సిజన్ 30 శాతం దాటిందని మోడల్స్ చెప్తాయి కదా. పెద్ద తూనీగ, పెద్ద జెర్రి వేయకుండా కార్బోనిఫెరస్ బొమ్మ ఏంటి? పిల్లలు ఒప్పుకోరు 😀

రాతిఆకు
జంతువులకీ అదే రూలు అరుణ్ గారూ. ఆ పెద్ద తూనీగ మెగాన్యూరా ఫ్రాన్స్‌లోని కొమెంత్రీ పొరల్లోది, దాదాపు 30 కోట్ల ఏళ్ల నాటిది. రెక్కల వెడల్పు 65 సెంటీమీటర్లకి పైనే. హెరిన్ అడవి అంతకుముందే పోయింది. పెద్ద జెర్రి ఆర్థ్రోప్లూరాకి కాలం విశాలం. ఇంగ్లండ్ ఉత్తరాన నార్తంబర్లాండ్‌లో దొరికి 2021లో ప్రకటించిన దాని పొడవు దాదాపు 2.6 మీటర్లని అంచనా, వయసు 32.6 కోట్ల ఏళ్లు. ఆక్సిజన్ తారస్థాయికి చేరకముందే అంత పెద్దదైందన్నమాట. కాబట్టి సైజుకి ఆక్సిజన్ ఒక్కటే కారణం అని క్యాప్షన్ రాయకుండా ఉంటే మేలు.

ఆక్సిజన్ చూపించాలంటే నిప్పు చూపించండి. బొగ్గులో పట్టు మెరుపుతో, ముట్టుకుంటే పొడై చేతికి అంటే నల్లటి పొరలుంటాయి. మేరీ స్టోప్స్ 1919లో బొగ్గుని నాలుగు భాగాలుగా విడదీసినప్పుడు వీటిని ఫ్యూసైన్ అని పిలిచింది. అవి అప్పటి కార్చిచ్చుల బొగ్గు ముక్కలు. తడి అడవి కూడా అంటుకునేదనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పుప్పొడి_పద్మ
రెండో పేజీ సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను.

"అడవి ఉంది, ఎండింది, పోయింది" అని ఒక్క బాణం గుర్తు వేయకు రమా. ఆ రోజుల్లో దక్షిణ ధ్రువం చుట్టూ గోండ్వానా మీద మంచు పలకలు పెరిగేవి, తగ్గేవి. మంచుతో పాటు సముద్రమట్టం పదుల మీటర్లు దిగేది, ఎక్కేది. అందుకే ఇల్లినాయ్‌లో పొరలు తిరిగి తిరిగి ఒకే వరసలో వస్తాయి: వేళ్లు దిగిన బంకమట్టి, బొగ్గు, దాని మీద సముద్రపు షేల్ లేదా సున్నపురాయి, ఆపైన నది ఇసుక, మళ్లీ మొదలు. వీటికి సైక్లోథెమ్ అనే పేరు 1932లో స్థిరపడింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ కూడా ఈ చక్రాలతో పాటు ఊగింది. 2016లో మోంటానెజ్ బృందం లెక్కలో అది సుమారు 200 నుంచి 700 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు) మధ్య తిరిగింది.

దీనర్థం ఏంటంటే, ఒకే పల్లంలో వాన బాగా ఉన్నప్పుడు లైకోప్సిడ్ అడవి, పొడి కాలంలో కోర్డైటీస్, కోనిఫర్ల లాంటి వేరే అడవి. తడి అడవి వాన పడే చోట్లకి వెళ్లి తలదాచుకుని, వాతావరణం అనుకూలించగానే తిరిగి వచ్చేది, ఇంచుమించు అవే జాతులతో. ఇలా ఎన్నోసార్లు జరిగింది. మనకి తడి అడవే ఎందుకు కనిపిస్తుందంటే పీట్, బురద ఉన్నచోటే ఆకు నిలుస్తుంది. ఎండే నేలలో ఆకు పొడై పోతుంది. కోనిఫర్లు కొండల మీద మాత్రమే ఉండేవని పాత పుస్తకాలు రాసింది ఈ కారణంగానే.

దాదాపు 30.7 కోట్ల నుంచి 30.5 కోట్ల ఏళ్ల మధ్య ఒకసారి అడవి వెళ్లింది కానీ తిరిగి వచ్చింది అదే అడవి కాదు. అమెరికా పొరల్లో లైకోస్పోరా, అంటే లెపిడోడెండ్రాన్ వర్గం సిద్ధబీజం, ఆ సమయానికి దాదాపు మాయమవుతుంది. పైన బొగ్గులో చెట్టు ఫెర్న్‌లదే రాజ్యం. సిజిల్లేరియా మాత్రం మిగిలింది.

కుంచె_రమ
చెట్టు ఫెర్న్‌లే ఎందుకు గెలిచాయి అక్కా?

పుప్పొడి_పద్మ
సరోనియస్ అనే చెట్టు ఫెర్న్ తీరు చూడు. కాండం సన్నం, దాని చుట్టూ గాలి గదులున్న వేళ్లు దళసరి పొరలా దిగి మొత్తం చెట్టుని మోస్తాయి. తక్కువ ఖర్చుతో చెట్టు. దుమ్ములాంటి సిద్ధబీజాలు గాలికి ఎంత దూరమైనా పోతాయి. ఖాళీ అయిన నేలకి ముందు చేరేది అదే. లెపిడోడెండ్రాన్ పద్ధతి దీనికి పూర్తిగా రివర్స్: చాలా జాతులు జీవితం చివర్లో ఒక్కసారి మాత్రమే కోన్‌లు వేసి చచ్చిపోయేవి. పైగా పునరుత్పత్తికి నిలిచిన నీళ్లు కావాలి. నీళ్లు ఉన్నన్నాళ్లు ఆ పద్ధతికి తిరుగులేదు. తడి నేలలు ముక్కలై మధ్య దూరాలు పెరిగాక అదే మెడకి చుట్టుకుంది.

ఒక జాగ్రత్త: గాలికి ఎగిరే సిద్ధబీజాలు లెక్కలో ఎప్పుడూ అసలు కంటే ఎక్కువ కనిపిస్తాయి. అందుకే సిద్ధబీజాలు, పుప్పొడి లెక్కపెట్టే నా రంగం లెక్కల్ని కోల్ బాల్స్ లెక్కలతో సరిచూస్తాం. ఈ విషయంలో రెండూ ఒకే మాట చెప్తున్నాయి.

రాతిఆకు
దీన్నే "కార్బోనిఫెరస్ వర్షారణ్యాల పతనం" అంటున్నారు. నాకా పేరు నచ్చదు. 2010లో సాహ్నీ, బెంటన్, ఫాల్కన్-లాంగ్ రాసిన పేపర్ తర్వాత బాగా వ్యాపించింది. అడవి ముక్కలైంది, ఆ ముక్కల్లో నాలుగు కాళ్ల జంతువులు విడివిడిగా మారిపోయాయి అని వాళ్ల వాదన. 2018లో డన్ బృందం నమూనాల లోటుని సరిచేసి చూస్తే తేలింది వేరు: ఆ తర్వాత జంతు జాతులు ఇంకా విశాలంగా వ్యాపించాయి. మొక్కల విషయానికొస్తే యూరప్‌లో మార్పు ఒక్కసారిగా కాదు, ప్రాంతానికో వేళ. చైనాలో లైకోప్సిడ్ అడవులు పెర్మియన్ చివరిదాకా బతికాయి. ఇంకోచోట నిలిచి ఉన్నదాన్ని పతనం అంటే ఎలా?

పుప్పొడి_పద్మ
రాతిఆకు గారూ, ఇల్లినాయ్ పీట్‌లో నిలబడి చూస్తే మాత్రం అది పతనమే. కోటి ఏళ్లకి పైగా ఆ పల్లాన్ని ఏలిన చెట్లు కొద్ది చక్రాల్లో పోయాయి. చైనాలో బతికాయి కాబట్టి ఇక్కడ ఏమీ కాలేదని అనలేం. పేరు ప్రాంతీయంగా వాడదాం, అంతే నా అభ్యంతరం.

రాతిఆకు
ప్రాంతీయంగా అయితే సరే.

కుంచె_రమ
నిర్ణయించేశాను. మొదటి పేజీ హెరిన్ అడవి. రెండో పేజీ అదే పల్లం, చెట్టు ఫెర్న్‌లు, మధ్యమధ్యలో సిజిల్లేరియా. రెండు పేజీల మధ్య మడతలో సన్నటి పట్టీ వేసి ఎండే కాలపు కోర్డైటీస్, కోనిఫర్లు చూపిస్తాను. తూనీగ తీసేశాను, ఎడిటర్ గారికి మీరే చెప్పుకోండి.

రఫ్ స్కెచ్‌లో లెపిడోడెండ్రాన్‌లన్నిటికీ పైన గుబురు కొమ్మలు వేశాను, కింద దట్టమైన చీకటి. సరేనా?

నల్లపొర
చీకటి తీసేయండి. కొమ్మలు విచ్చుకునేది జీవితం చివర్లో, కోన్‌లు వేసే ముందు. అప్పటిదాకా కొమ్మల్లేని నిలువు స్తంభం, కొసన పొడవాటి గడ్డిపోచల్లాంటి ఆకుల కుచ్చు. కాబట్టి పదింటిలో ఎక్కువ స్తంభాలే వేయండి, గుబురు ఒకటో రెండో చాలు. ఎండ నేల దాకా దిగుతుంది, అందుకే కింద ఫెర్న్‌లు, విత్తన ఫెర్న్‌లు పుష్కలం. గడ్డి, పూలు వద్దు, అవి పుట్టడానికి ఇంకా చాలా కోట్ల ఏళ్లు పట్టింది.

కుంచె_రమ
కాండం రంగు? గోధుమ రంగు వేస్తే తప్పా?

రాతిఆకు
పై భాగానికి ఆకుపచ్చ వేయండి. ఆకు రాలిపోయాక మిగిలే ఆ వజ్రాకారపు పీఠాల మీద కూడా పత్రరంధ్రాలు ఉన్నాయి, అంటే కాండం పై భాగం కూడా ఆకులాగే పనిచేసి ఉండాలి. లెపిడోడెండ్రాన్‌కి ఆ వజ్రాలు ఏటవాలు వరసల్లో చుట్టూ తిరుగుతాయి, సిజిల్లేరియాకి ఆకు మచ్చలు నిలువు వరసల్లో ఉంటాయి. రెండో పేజీలో అది కలిపేయకండి. అడుగు భాగంలో మాత్రం వజ్రాలు వద్దు. అక్కడ బెరడు లావెక్కి చీలిపోతుంది, నిలువు పగుళ్లు వేస్తే చాలు.